పసుపు తాగిన గోడ

నా మాటల్లో నిజం వెతకడం బియ్యంలో రాళ్ళు ఏరినట్టని మా ఆవిడ రాజులమ్మ అంటుంది. దొరక్కపోవు, కాకపోతే కళ్ళజోడు పెట్టుకోవాలి. ఇది మాత్రం రాళ్ళ కథే కాబట్టి ఏరే పనిలేదు.

మా మనవడు యశ్వంత్‌ది ఫాల్స్ సీలింగులు, పార్టిషన్ గోడలు బిగించే పని. రాంగోపాల్‌పేట్‌లో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో పైకప్పు పలకలు బిగిస్తుంటే, అక్కడ పనిచేసే ఊర్మిళ తన సీసాల మీద దుమ్ము పడుతోందని పోట్లాటకు వచ్చింది. వీడు జవాబు చెప్పకుండా జేబులోంచి ఒక కొత్త మాస్కు తీసి ఆ పిల్ల చేతిలో పెట్టాడు. లోకంలో కుర్రాళ్ళు పూలిస్తారు, చాక్లెట్లిస్తారు. మావాడు ముక్కుకు గుడ్డ ఇచ్చాడు. అయినా పెళ్ళి కుదిరింది. దానికి నా వంశంలో ఎవరి అందమూ కారణం కాదు.

మేం మౌలాలిలో ఉంటాం. పుట్టి పెరిగింది బొబ్బిలి పక్క ఊళ్ళో. ఊర్మిళ వాళ్ళది తాతల నాటి నుంచీ బన్సీలాల్‌పేట్, మెట్లబావికి దగ్గరి సందులో పాత ఇల్లు. మేం ‘ఏటి’ అనేవాళ్ళం, వాళ్ళు ‘ఏంది’ అనేవాళ్ళు. అంతకు మించి తేడా నాకు కనిపించలేదు. పిల్లకు తల్లి లేదు. ఆ తల్లి యాదలక్ష్మి, పిల్లకు మాటలు రాకముందే పోయింది. తండ్రి వేరే సంసారం చేసుకుని నిజామాబాద్ వెళ్ళిపోయాడు. అమ్మమ్మ దేవమ్మ, తాత సదాశివ పెంచారు. సదాశివ రాణిగంజ్‌లో నట్లూ బోల్టులూ అమ్మి రిటైరైన మనిషి. ఇప్పటికీ ఎవరింటికి వెళ్ళినా ముందు తలుపు బందులు బిగువుగా ఉన్నాయా లేదా చూస్తాడు.

ఆ ఇంట్లో మధ్యగదికి ఒక గోడ ఉంది. వాళ్ళు దాన్ని దేవుని గోడ అంటారు. ఇంట్లో ఏ పెళ్ళి జరిగినా ముందు ఆ గోడకు పసుపు పూసి, బొట్లు పెట్టి, కుమ్మరింటి నుంచి తెచ్చిన ఐరేని కుండలు దాని ముందు పేర్చి మొక్కుతారు. ఆ కుండలు వస్తేనే పెళ్ళి మొదలైనట్టు. అంతటి గోడ, ప్రతి వానాకాలం జలుబు చేసిన పిల్లాడి ముక్కులా కారేది. సున్నం ఉబ్బడం, పెచ్చులూడటం, వాటి వెనక నల్లటి బూజు. పోయిన వానలకు మరీ పాడైపోయింది.

"మళ్ల ప్లాస్టరింగ్ చేయిస్త," అన్నాడు సదాశివ.

"వద్దు తాతా. ముందు నీళ్ళెక్కడ్నుంచి వస్తున్నాయో చూడాలి," అన్నాడు యశ్వంత్. చూస్తే గోడ వెనక సందులో పక్కింటి డాబా గొట్టం పగిలి ఉంది. ముందు దాన్ని బాగు చేయించాడు. రోగం ఉండగా గోడకు పలక కొట్టడమంటే జ్వరానికి చొక్కా తొడిగినట్టని నేనే వాడికి నేర్పాను. తరవాత గోడకు కాస్త ఎడంగా రేకు చట్రం నిలబెట్టి, దాని మీద కాల్షియం సిలికేట్ పలకలు బిగించాడు. కూలివాళ్ళను పెట్టలేదు. కాబోయే అత్తవారింటి దేవుని గోడ కాబట్టి ప్రతి స్క్రూ తనే తిప్పాడు.

పలకలు కోసే రోజున నేనూ సదాశివా సందులో కుర్చీలేసుకుని కూర్చున్నాం, రాజులమ్మ గుమ్మం పక్క స్టూలు మీద కూర్చుంది. యశ్వంత్ ముక్కుకు గట్టి మాస్కు, కళ్ళకు అద్దాలు పెట్టుకుని, పలక మీద బ్లేడుతో లోతుగా గీత గీసి, తడిగుడ్డతో తుడిచి, బల్ల అంచుకు ఆనించి టక్కున విరిచేవాడు. మిషను పెట్టాల్సి వస్తే నీళ్ళు చిలకరించి మరీ పెట్టేవాడు. రాలిన పొడిని చీపురుతో ఊడ్చనిచ్చేవాడు కాదు, తడిపి ఎత్తేవాడు.

"ఏందయ్యా, పలక కోస్తున్నవా, ఆపరేషన్ చేస్తున్నవా?" అన్నాడు సదాశివ.

"బావా, ఆ పలక గోడకెక్కాక పిల్లి," అన్నాను నేను. "ముట్టుకో, ఆనుకో, దాని కింద పడి నిద్రపో, ఏం చెయ్యదు. కోసేటప్పుడు మాత్రం పులి. ఇసుక లోంచి పుట్టింది కదా, ఆ సన్నటి దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళితే ఇల్లరికపు అల్లుడిలా అక్కడే ఉండిపోతుంది. బయటికి రమ్మన్నా రాదు."

"ఇసుకల నుంచి పుడ్తదా పలక?"

"ఇసుకా సున్నమూ కలిపి పిండి చేసి, కాస్త నార వేసి, అచ్చుల్లో పోసి, పెద్ద మూత పెట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. ఇడ్లీ అన్నమాట. రాళ్ళ ఇడ్లీ."

సదాశివ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. లోపల బియ్యం చెరుగుతున్న దేవమ్మ వరకూ వెళ్ళింది ఆ నవ్వు. "ఏమంటున్నడు అన్న?" అని అడిగింది. సదాశివ చెప్పాడు. ఆమె కూడా నవ్వింది. నేను చెప్పింది అక్షరాలా నిజం.

తప్పు వాళ్ళది కాదు. అంతకు ముందే వాళ్ళకు పిల్లి కథ చెప్పాను. వయసులో ఉండగా నేను మా వైపు పంచదార ఫ్యాక్టరీలో ఆవిరి గొట్టాలకు చొక్కాలు తొడిగే పని చేసేవాణ్ణి. గొట్టంలో వేడి బయటికి పోకుండా చుట్టూ మందంగా పలకలు కట్టి, పైన రేకు చుట్టడం. మొదట్లో రాతినార వాడేవాళ్ళు. దాని దుమ్ము మనుషుల్ని లోపల్నుంచి తినేస్తోందని తెలిశాక ఈ తెల్లటి కాల్షియం సిలికేట్ అచ్చులు వచ్చాయి. చేత్తో ఎత్తితే అటుకుల మూటలా తేలిగ్గా ఉండేవి, నీళ్ళలో వేస్తే కాసేపు తేలేవి. ఇంతవరకూ నిజం. ఆ గొట్టం లోపల ఆవిరి బుసలు కొడుతుంటే, పైన పడుకున్న ఫ్యాక్టరీ పిల్లి చలికి తట్టుకోలేక నా కండువా అడిగిందని చెప్పాను. ఇచ్చానని కూడా చెప్పాను. కండువా తిరిగిచ్చేటప్పుడు ఉతికి ఇచ్చిందన్న దగ్గర రాజులమ్మ నన్ను గిల్లింది.

ఆ పిల్లి వెనకాల వచ్చిన నిజాలన్నీ దాని తోకే పట్టుకున్నాయి. మిగిలిన పలక ముక్క కింద సదాశివ చేత అగ్గిపుల్ల గీయించి చూపించాను. మసి పట్టింది గానీ అంటుకోలేదు. "అగ్గిపుల్ల మంచిది గాదు," అన్నాడు. ముక్కను రాత్రంతా బకెట్లో నానబెట్టి చూపించాను. నీళ్ళు తాగింది గానీ ఉబ్బలేదు, విడిపోలేదు. "ఇంకో దినం నానబెడ్తే తెలుస్తది," అన్నాడు. భోజనాల దగ్గర, వానాకాలంలో కూడా ఉప్పు గడ్డకట్టకుండా కొన్ని ఉప్పు పొట్లాల్లో దీన్నే చిటికెడు కలుపుతారని, అది తిన్నా ఒంటికి పట్టకుండా వెళ్ళిపోతుందని చెప్పాను. దేవమ్మ కళ్ళు తుడుచుకుని, "అన్నా, మా గోడను మాతోనే తినిపిస్తున్నవా," అంది.

"నమ్మకండి వదినా," అంది రాజులమ్మ. "ఈయన మాటలు ఇంటే మీ ఇంట్లో రోలూ రోకలీ కూడా ఎగిరిపోతాయి."

అందరం నవ్వుకున్నాం. అలాంటి నవ్వుల రోజులవి.

ఇక పెళ్ళిపిల్లను చేసే రోజు వచ్చింది. ముందురోజే గోడకు ప్రైమరూ రంగూ వేసేస్తానని యశ్వంత్ డబ్బాలు పట్టుకొచ్చాడు. దేవమ్మ అడ్డుపడింది. కొత్త గోడకు తొలి రంగు పసుపే కావాలి. దేవుని గోడకు ముందుగాల కంపెనీ రంగు పూస్తే దేవుడు ఏమనుకుంటాడని ఆమె వాదన. "ముందుగాల పసుపు బిడ్డా, ఎన్కకెల్లి నీ రంగులన్ని ఏసుకో," అంది. కాబోయే అమ్మమ్మకు ఎదురు చెప్పడానికి నోరు రాక వాడు డబ్బాలు మూలన పెట్టి, మర్నాడు పొద్దున్నే కొంపల్లిలో ఏదో పని ఉందని వెళ్ళిపోయాడు. ఉత్త పలక అలాగే తెల్లగా ఉండిపోయింది.

మా కొడుకూ కోడలూ మా ఊరి చుట్టాలను తీసుకురావడానికి స్టేషనుకు వెళ్ళారు. నేనూ రాజులమ్మా పసుపు పళ్ళెంతో బన్సీలాల్‌పేట్ చేరేసరికి సందులో డప్పులవాళ్ళు కూర్చుని డప్పులు వేడి చేసుకుంటున్నారు. గోడకు పసుపవ్వగానే కుమ్మరింటికి బయల్దేరాలి. లోపల ఊర్మిళకు నలుగు పెట్టారు. మొహమంతా పసుపుతో ఆ పిల్ల గడప మీద కూర్చుని, పిన్ని వరసల వాళ్ళు వేస్తున్న వేళాకోళాలకు నవ్వుతోంది.

దేవమ్మ పెద్ద గిన్నెలో పసుపు తడిపి, చేతికి తీసుకుని గోడకు నిండుగా రాసింది. పక్కన ఇంకో ముత్తయిదువ రాసింది. గోడ సగం వరకూ పచ్చగా మెరిసింది. బొట్టు పెట్టడానికి కుంకుమ భరిణె తీసి తిరిగేసరికి మొదట రాసిన చోట రంగు మారుతోంది. పచ్చదనం పండుమామిడిలా అయ్యింది. చూస్తుండగానే ఇటుకలా అయ్యింది. గోడ తడిని పీల్చుకుంటున్నకొద్దీ ఎర్రబడి, వేళ్ళ గీతలు గీతలుగా కిందికి దిగింది.

"నెత్తురు లెక్కనే ఉన్నదక్కా," అంది ఆ ముత్తయిదువ. అనకూడని మాట. అనేసింది.

దేవమ్మ గిన్నె కింద పెట్టేసింది.

"ఆపుండ్రి," అంది. "డప్పులోళ్ళకు చెప్పుండ్రి. ఇయ్యాల పోతలేం."

ఇంట్లో నవ్వులు ఆగిపోయాయి. సదాశివ బయటి నుంచి పరుగున వచ్చాడు. "ఏమైంది?" అన్నాడు. అందరూ గోడ చూపించారు. ఆ మనిషి గోడనూ భార్యనూ మార్చి మార్చి చూసి నిలబడిపోయాడు.

నాకు విషయం తెలుసు. చూడగానే తెలిసింది. "చెల్లెమ్మా, కంగారు పడకు," అన్నాను. "ఇది పలక గుణం. దీంట్లో సున్నం పాలు ఉంది. పసుపుకీ దానికీ పడితే ఎర్రబడుతుంది. రంగు వేసి ఉంటే పసుపు పసుపులాగే ఉండేది."

"తాత మళ్ల షురూ చేసిండు," అంది ఎవరో ఆడపిల్ల, మెల్లగానే.

"గీ టైమ్‌ల ముచ్చట్లు వద్దన్నా," అంది దేవమ్మ. కోపంగా అనలేదు. అలసిపోయినట్టు అంది. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

నేను ఇంకా చెప్పబోయాను. ఇసుక, సున్నం, ఆవిరి, ఇడ్లీ. చెప్పే కొద్దీ నా మాటలు నాకే పిల్లి కథలా వినిపించాయి. జీవితమంతా ఊరి వాళ్ళ చేత, ఫ్యాక్టరీ వాళ్ళ చేత, మౌలాలి రైల్వే కాలనీ సగం మంది చేత లేనివి ఉన్నట్టు నమ్మించినవాణ్ణి. ఉన్నది ఉన్నట్టు ఒక్క మనిషిని నమ్మించలేకపోయాను.

ఊర్మిళ గడప మీంచి లేవలేదు. మొహాన పసుపు ఆరి చిట్లుతోంది. దగ్గరికెళ్ళి, "అమ్మా, మీ అమ్మమ్మకు నువ్వైనా చెప్పు. నువ్వు ల్యాబ్‌లో పనిచేసే పిల్లవి, నీకు తెలుసు," అన్నాను.

"తెలుసు తాతా," అంది. "గోడ సంగతి నాకు తెలుసు. మా అమ్మమ్మ సంగతి సుత తెలుసు. ఆమె భయంతోని ఊఁ అంటే నేను పెండ్లి చేసుకోను. ఆమె వద్దంటే అసలే చేసుకోను."

కళ్ళలో నీళ్ళు లేవు. ఫోను ఒళ్ళో బోర్లా పెట్టి ఉంది. అది మోగుతుంటే చూడటం లేదు. మోగించేది మావాడేనని తెలుస్తూనే ఉంది.

వాడు ఎవరి ద్వారానో విని కాసేపటికే వచ్చేశాడు, చొక్కా నిండా తెల్లటి మరకలతో. గోడను చూసి తల పట్టుకున్నాడు. "తప్పు నాదే అమ్మమ్మా. ఉత్త పలక మీద పసుపు రాయనివ్వకూడదు. నాకు తట్టలేదు," అన్నాడు.

"నీ తప్పేం లేదు బిడ్డా," అంది దేవమ్మ వాడి వైపు చూడకుండా. "నీ చేతులతోని కట్టినవ్. అదే నా పరేషాన్."

అప్పుడు అర్థమైంది నాకు. పెళ్ళికొడుకు చేతులతో కట్టిన గోడ, పెళ్ళికూతురి పసుపు తగలగానే నెత్తురయ్యింది. ఆమె చూసింది అది. దాని ముందు నా ఇడ్లీ ఎంత.

సదాశివ మెల్లగా, "దేవమ్మా, వాళ్ళు చెప్తున్నరు గద, సున్నమంట," అన్నాడు.

"అప్పుడు సుత చెప్పిన్రు," అంది ఆమె. గోడకు ఎదురుగా నేల మీద కూర్చుంది. చేతులకు పసుపు ఇంకా పచ్చగానే ఉంది. "యాదలక్ష్మి పెండ్లికి ఐరేని కుండ నా చేతిలనే పలిగింది. గీ గోడ ముందటనే. ఏం గాదన్నరు. కుమ్మరాయన మంచిగ కాల్చలేదన్నరు. ఇంకో కుండ తెచ్చి పెట్టిన్రు. నేను సుత ఏం గాదన్న. అందరికన్న ముందుగాల నేనే అన్న." గోడ వైపే చూస్తూ, "ఊర్మిళ నడక నేర్వక ముందే నా బిడ్డ పాయె," అంది.

బయట డప్పుల వాడొకడు, పోవాలా ఉండాలా అని సదాశివను చేత్తో సైగ చేసి అడుగుతున్నాడు. సదాశివ ఆగమని చెయ్యి చూపించాడు.

రాజులమ్మ అప్పటిదాకా పళ్ళెం పట్టుకుని నిలబడే ఉంది. పళ్ళెం నా చేతికిచ్చి, వెళ్ళి దేవమ్మ పక్కన కూలబడింది. మోకాళ్ళ నొప్పుల మనిషి. నేల మీద కూర్చుంటే లేవడానికి ఇద్దరు కావాలి.

"ఏటొచ్చి పోయింది వదినా మీ పిల్ల?" అంది.

"జరం. మెదడువాపన్నరు. గాంధీ దవాఖానల ఉంచినం."

"కుండ పగలకపోతే రాకపోయుండునా జొరం?"

దేవమ్మ తన పసుపు చేతుల వైపు చూసుకుంది.

"నానేటీ మీకు నేర్పను. నాకూ ఒక పిల్లోడు పోయాడు, ఊర్లో ఉండగా. ఆడు పుట్టినప్పుడు అన్నీ మంచి శకునాలే," అంది రాజులమ్మ. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పదు. నాతో కూడా ఎత్తదు. "శకునం సూసి ఏడిసినా, సూడకుండా ఏడిసినా ఏడుపు ఒకటేలే వదినా. అది ఒగ్గీండి. ఇంకో మాట. మా ఆయన మాటలు నమ్మొద్దని మీకు సెప్పింది నానే కదా?"

"నువ్వే."

"ఎప్పుడు నమ్మకూడదో ఎలా తెలుస్తాదో సెప్పనేదు. అబద్ధం ఆడినప్పుడల్లా ఈయన ఓరకంట నా మొహం సూస్తాడు, నవ్విందా లేదా అని. పెళ్ళయినకాడ్నుంచీ అదే వరస. పిల్లి కండువా అడిగిందన్నప్పుడు సూశాడు. కండువా ఉతికిందన్నప్పుడు మరీ సూశాడు. ఇడ్లీ ముచ్చట సెప్పినప్పుడు సూడనేదు. ఇయ్యాల పొద్దున్నుంచి ఇంత వాగేడా, ఒక్కపాలి నా వైపు సూడనేదు వదినా. మీ మొహమే సూస్తన్నాడు."

నేనలా చూస్తానని నాకే తెలియదు. పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. ఎటు చూడాలో తోచక సదాశివ తలుపు బందుల వైపు చూశాను.

దేవమ్మ తలెత్తి చాలాసేపు నన్ను చూసింది. బియ్యంలో రాళ్ళు వెతికినట్టే చూసింది.

"అన్నా," అంది. "జెర మళ్ల చెప్పు. నవ్వకుంట చెప్పు. గీ పలకల ఏమున్నది?"

చెప్పాను. కుర్చీ కూడా అడక్కుండా ఆమె ఎదురుగా నేల మీద కూర్చుని, మా ఊరి బళ్ళో పంతులుకు ఎక్కం అప్పజెప్పినట్టు ఒక్కో ముక్కే చెప్పాను. ఇసుక. సున్నం. నీళ్ళు. ఆవిరి. ఆ ఉడుకులో ఇసుకా సున్నమూ ఒకదాన్నొకటి పట్టుకుని కొత్త రాయి అవుతాయి. మళ్ళీ విడిపోవు. అందుకే నీళ్ళకు చెడదు, నిప్పుకు కాలదు. కానీ పుట్టింటి గుణం కొంచెం మిగిలిపోతుంది. నాలిక మీద పెడితే మండేంత కాదు, పసుపు తగిలితే పట్టిచ్చేంత. బూజు అంత తొందరగా పట్టకపోవడానికి కూడా ఆ గుణమే కారణం.

"సున్నం," అంది దేవమ్మ. ఆ ఒక్క మాటనే పట్టుకుంది. "పాత గోడకు సుత ఒకప్పుడు సున్నమే ఉండె. అప్పుడెందుకు ఎర్రగ కాలే?"

"దాని మీద డిస్టెంపర్ రంగు ఎన్ని పొరలుందో. పసుపుకు సున్నం తగిలితే కదా," అన్నాడు యశ్వంత్ వెనక నుంచి. నేను చెయ్యెత్తి వాడిని ఆపాను. ఆమెను ఆలోచించుకోనివ్వాలి.

ఆమె లేచింది. మూలన రంగు డబ్బాల పక్కన మిగిలిన పలక ముక్క ఉంది. అది తెచ్చుకుని ఒళ్ళో పెట్టుకుంది. గిన్నెలో పసుపు వేలితో తీసి, ముక్క మీద ఒక బొట్టు పెట్టింది. అందరం వంగి చూశాం. పచ్చగా ఉన్న బొట్టు మెల్లగా ఎర్రబడింది. అదే వేలితో గడప చెక్కకు ఒక బొట్టు పెట్టింది. అది పచ్చగానే ఉండిపోయింది.

"నిమ్మకాయ ఉందా?" అన్నాను. ఎవరో తెచ్చారు. ముక్క మీద రెండు చుక్కలు పిండమన్నాను. పిండింది. ఎర్ర బొట్టు మధ్యలో మళ్ళీ పసుపు కన్ను తెరిచింది. పిన్ని వరసల వాళ్ళు ‘అబ్బా’ అన్నారు. దేవమ్మ అనలేదు. నిమ్మకాయ పక్కన పెట్టి, తన వేలు చూసుకుంటోంది. ముక్కను రుద్దిన వేలు అది. కొస ఎర్రగా పండి ఉంది.

"పసుపు, సున్నం," అంది తనలో తను. "ఇంతసేపు కండ్ల ముందటనే ఉన్నది. గిది పారాణి గదనే."

గదిలో ఉన్న ఆడవాళ్ళంతా పుట్టినప్పటి నుంచీ పసుపులో సున్నం కలిపి పారాణి చేసినవాళ్ళే. ఒక్కరికీ తట్టలేదు. తట్టకపోవడంలో వింత లేదు. పారాణి ఎప్పుడూ గిన్నెలో ఉంటుంది. గోడలోంచి పుట్టడం ఎవరు చూశారు? అందులోనూ భయం మధ్యలో నిలబడి ఉంటే దాని వెనక ఏముందో ఎవరికి కనిపిస్తుంది?

"పారాణే వదినా," అంది రాజులమ్మ.

దేవమ్మ గోడ దగ్గరికి వెళ్ళింది. ఇందాక చూడలేక కళ్ళు తిప్పుకున్న చోటే అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడింది. యాదలక్ష్మి గుర్తొచ్చిందో, యాదలక్ష్మి కాళ్ళు గుర్తొచ్చాయో నేనడగలేదు. గోడ మీది తడి ఎరుపును నాలుగు వేళ్ళతో గీరి చిన్న గిన్నెలోకి తీసింది.

యశ్వంత్ ఉండబట్టలేక, "అమ్మమ్మా, అది పలక మీది..." అన్నాడు.

"ఏం, కాళ్ళు కాల్తయా?"

"కాలవు. తడిగా ఉంది కాబట్టి దుమ్ము కూడా రాదు. కాసేపయ్యాక కడుక్కుంటే చాలు," అన్నాడు వాడు. ఏ ప్రశ్నకైనా ఉన్నదంతా చెప్పేసే జబ్బు. నా మనవడు ఎలా అయ్యాడో.

"ఐతె ఊకో," అంది దేవమ్మ. "జరుగు."

గడప ముందు కూర్చుంది. ఊర్మిళ ఇంకా అక్కడే ఉంది. మోకాళ్ళు దగ్గరికి తీసుకుని, అమ్మమ్మ మొహంలోకి చూస్తోంది. ఆ పిల్ల చూస్తున్నది గిన్నెను కాదు. అమ్మమ్మ భయం పోయిందా, దాచుకుందా అని.

"నాకోసం చేస్తున్నవా?" అంది ఊర్మిళ చిన్నగా. "జబర్దస్తీ లేదమ్మమ్మా. నిజంగ చెప్పు."

"భయం ఉన్నదే," అంది దేవమ్మ. "ఎట్ల పోతది? నిన్ను స్కూలుకు తోలిన దినం సుత ఉండె. ఉన్నా తోలిన గద." గిన్నెలో వేలు ముంచింది. "కాలియ్యి."

ఊర్మిళ పాదం చాపింది. దేవమ్మ మడమ దగ్గర మొదలుపెట్టి, అంచు వెంట ఒక్క గీతగా వేలి కొసల దాకా తీసింది. చల్లగా తగిలిందో, చక్కిలిగింత అయ్యిందో, ఆ పిల్ల కాలు వెనక్కి లాక్కోబోయింది. దేవమ్మ చీలమండ మీద ఒక్కటి అంటించింది. ఊర్మిళకు అప్పుడు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే నవ్వింది. మొహం మీది ఎండు పసుపు పెచ్చులు రాలి అమ్మమ్మ చేతుల మీద పడ్డాయి.

సదాశివ గుమ్మం దాటి సందులోకి వెళ్ళాడు. డప్పులవాళ్ళు లేచారు. ఎవరి డప్పు ముందు మోగిందో గానీ, మొదటి దెబ్బకే కిటికీ రెక్క అదిరింది.

రాజులమ్మ నేల మీంచి చెయ్యి చాపింది, లేపమని. నేనూ యశ్వంతూ చెరో పక్కా పట్టుకున్నాం. పైకి లేస్తూ నా చెవిలో, "ఏటలా సూస్తన్నావు?" అంది. ఏం లేదన్నాను.

దేవమ్మ మోచేత్తో కళ్ళు తుడుచుకుని, గిన్నె దగ్గరికి జరుపుకుంది.

"ఇంకో కాలియ్యి," అంది.